జ్ఞానోదయం అయిందా?

పిల్లలూ, ఈ మాట మీలో చాలామంది మొదట విన్నది అమ్మ నోటి నుంచే అయి ఉంటుంది. రేపు పరీక్ష అనగా రాత్రి పదింటికి పుస్తకం తీస్తారు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "ఇప్పటికి జ్ఞానోదయం అయిందా?" అంటుంది. అది మెచ్చుకోవడం కాదు, వెటకారం అని మీకు వెంటనే తెలిసిపోతుంది. ఇదే మాట ఇంకో చోట వినండి. "రావి చెట్టు కింద సిద్ధార్థుడికి జ్ఞానోదయం అయింది." ఇక్కడ ఎవరూ నవ్వరు. రెండు చోట్లా మాట ఒక్కటే. మరి అయింది ఏమిటి?

నేను ఉండేది యాంగోన్‌లో, సంచౌంగ్ అనే పేటలో. యాంగోన్ పాత పేరు రంగూన్. మన ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళు దీన్నే 'రంగం' అనేవారు. నేను వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఇక్కడే పుట్టి పెరిగిన ఒక తెలుగు అబ్బాయి నా దగ్గర అక్షరాలు దిద్దుకుంటున్నాడు. ఏప్రిల్ సెలవుల్లో వాడి క్లాస్‌మేట్ ఒకడు గుండు చేయించుకుని, సన్యాసి బట్టలు కట్టుకుని, వారం రోజులు బౌద్ధ మఠంలో ఉండి వచ్చాడు. మావాడు నన్ను అడిగాడు: "టీచర్, వాడికి జ్ఞానోదయం అయిపోయిందా? నాకెప్పుడవుతుంది?"

నేను నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది. రెండో ప్రశ్న వాడు నిజంగానే అడిగాడు. ఆ ప్రశ్న కోసమే ఈ పాఠం.

ముందు మాట సంగతి చూద్దాం. జ్ఞానం + ఉదయం. సూర్య + ఉదయం సూర్యోదయం అయినట్టే జ్ఞాన + ఉదయం జ్ఞానోదయం. గుణసంధి గుర్తుందిగా? అ పక్కన ఉ వస్తే రెండూ కలిసి ఓ. అంటే తెలివి తెల్లవారడం అన్నమాట. ఇది చాలా అందమైన మాటే, కానీ బౌద్ధులు వాడే అసలు మాట ఇది కాదు. వాళ్ళ మాట 'బోధి'. దాని వెనక ఉన్న ధాతువు 'బుధ్'. మేలుకోవడం, తెలుసుకోవడం అని దాని అర్థం. బుద్ధుడు అంటే మేలుకున్నవాడు. అది అమ్మానాన్న పెట్టిన పేరు కాదు, తర్వాత వచ్చిన పేరు.

ఈ 'బుధ్' మన ఇంట్లో ఎన్ని చోట్ల ఉందో చూడండి. "బుద్ధిగా ఉండు" అంటారు. లెక్క అర్థమైతే "ఇప్పుడు బోధపడింది" అంటాం. టీచర్ చేసేది బోధన. వారంలో బుధవారం ఉంది. బర్మీస్‌లో కూడా బుధవారాన్ని 'బొద్దహూ' అంటారు, అదీ ఈ కుటుంబంలోదే. కాబట్టి మీకు ఏదైనా బోధపడిన ప్రతిసారీ, తెలియకుండానే, బోధి చెట్టు పేరు తలుచుకుంటున్నారు.

ఇప్పుడు ఆ రాత్రి కథ. సిద్ధార్థుడు 29 ఏళ్ళ వయసులో ఇల్లు వదిలాడు. ముసలితనం, జబ్బు, చావు చూసి, ఇవన్నీ ఉన్నప్పుడు మనిషి సుఖంగా ఎలా ఉంటాడు అని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆరేళ్ళు గురువుల దగ్గర నేర్చుకున్నాడు, తిండి మానేసి ఎముకల గూడు అయ్యాడు. దాంతో ఏమీ దొరకలేదు. చివరికి సుజాత అనే అమ్మాయి ఇచ్చిన పాయసం తిన్నాడు. ఇది నాకు ఇష్టమైన ఘట్టం. ఆకలితో మాడితే తెలివి రాదని ఆయన తెలుసుకున్నది పాయసం గిన్నె ముందు! తర్వాత ఇప్పటి బిహార్‌లోని బుద్ధగయ దగ్గర రావి చెట్టు కింద కూర్చున్నాడు. తెలిసేదాకా లేవను అనుకున్నాడు.

అప్పుడు మారుడు వచ్చాడంటారు. కోరికలకూ భయాలకూ రాజు. "ఇక్కడ కూర్చునే అర్హత నీకుందని సాక్ష్యం ఎవరు?" అని అడిగాడు. సిద్ధార్థుడు ఏమీ మాట్లాడకుండా కుడిచేత్తో నేలను తాకాడు. భూమే సాక్షి. మయన్మార్‌లో ఏ గుడికి వెళ్ళినా ఎక్కువ బుద్ధ విగ్రహాలు ఈ భంగిమలోనే ఉంటాయి: కుడిచేతి వేళ్ళు మోకాలి మీదుగా కిందికి. ఆ భూదేవిని ఇక్కడివాళ్ళు 'వథౌందయే' అంటారు. కొంచెం సాగదీసి పలకండి. మన వసుంధర! దానం చేసినప్పుడు వీళ్ళు చిన్న గిన్నెలోకి బొట్టు బొట్టుగా నీళ్ళు పోస్తూ ఆమెను సాక్షిగా పిలుస్తారు. మన పెళ్ళిళ్ళలో కన్యాదానం చేసేటప్పుడు నీళ్ళు ధార పోయడం మీరు చూసే ఉంటారు. మొదటిసారి ఇక్కడ అది చూసినప్పుడు నేను మా ఊళ్ళో ఉన్నానేమో అనిపించింది.

బౌద్ధ గ్రంథాలు రాత్రిని మూడు జాములుగా లెక్కిస్తాయి. మొదటి జాములో ఆయనకు తన వెనకటి జన్మలు గుర్తుకొచ్చాయని, రెండో జాములో ప్రాణులు తమ పనులను బట్టి ఎలా పుడుతూ చస్తూ ఉంటాయో కనిపించిందని, మూడో జాములో తన మనసుకు పట్టిన మలినమంతా పోయిందని చెబుతాయి. తెల్లవారేసరికి ఆయన బుద్ధుడు. వయసు 35.

ఆకాశం నుంచి వెలుగు వచ్చి తల మీద పడలేదు, గమనించారా? ఏ దేవుడూ వరం ఇవ్వలేదు. గాల్లో ఎగరడం గొప్ప అని కథ చెప్పడం లేదు. ఆయన చూశాడు, అంతే. చూసింది ఏమిటంటే, దుఃఖం ఉంది, దానికి ఒక కారణం ఉంది, కారణం పోతే దుఃఖం పోతుంది, పోగొట్టుకునే దారి ఉంది. ఆ కారణం పేరు తృష్ణ. దాహం అని అర్థం.

దాహం అంటే మంచినీళ్ళ దాహం కాదు. మీకు తెలిసిన సంగతే చెప్తాను. సెలవులకి అమ్మమ్మ ఇంటికి వెళ్తారు. ఇంకా పది రోజులు ఉంది. చేతిలో బంగినపల్లి మామిడిపండు ఉంది. కానీ మనసులో "అయ్యో, ఇంక పది రోజులే" అని దిగులు. తర్వాత "ఇంక తొమ్మిదే". పండు అయిపోతుంది, రుచి మాత్రం తెలియదు. ఇక్కడ మిమ్మల్ని ఏడిపించింది పండూ కాదు, అమ్మమ్మా కాదు, విమానం టికెట్టూ కాదు. "ఇది ఇలాగే ఉండిపోవాలి" అని గట్టిగా పట్టుకోవడం. పట్టు ఎంత బిగిస్తే అంత నొప్పి. ఆ రాత్రి బుద్ధుడు ఈ పట్టును వేరుతో సహా చూశాడని, చూడగానే అది వదిలిందని బౌద్ధులు నమ్ముతారు.

అలా పట్టు పూర్తిగా పోవడాన్ని నిర్వాణం అంటారు. బర్మీస్‌లో 'నెయిక్‌బాన్'. నిర్వాణం అంటే ఆరిపోవడం. ఆరేవి మూడు మంటలు: రాగం, ద్వేషం, మోహం. మన ఇళ్ళల్లో దేవుడి దగ్గర దీపం ఆరితే "ఆరిపోయింది" అనం, అశుభమని "కొండెక్కింది" అంటాం. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఒక పాత సంభాషణ గుర్తొస్తుంది. వచ్ఛగోత్రుడు అనే ఆయన, మేలుకున్నవాడు చనిపోయాక ఎక్కడికి వెళ్తాడు అని బుద్ధుణ్ణి అడిగాడు. బుద్ధుడు తిరిగి అడిగాడు: నీ ఎదురుగా మండుతున్న మంట ఆరిపోతే, అది తూర్పుకు వెళ్ళిందా, పడమరకు వెళ్ళిందా అంటే ఏం చెప్తావు? ఆ ప్రశ్నే కుదరదు, కట్టెలు అయిపోయాయి కాబట్టి ఆరింది అన్నాడాయన. మన దీపం కొండెక్కుతుంది. బుద్ధుడి మంట ఎక్కడికీ వెళ్ళదు. ఈ చిన్న తేడా దగ్గర పెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ష్వేడగోన్ కథ కూడా ఆ చెట్టు దగ్గరే మొదలవుతుంది. జ్ఞానోదయమైన కొద్ది వారాలకే తపస్సు, భల్లికుడు అనే ఇద్దరు వర్తకులు అటుగా బండ్ల మీద వెళ్తూ ఆయనకు పిండివంట, తేనె పెట్టారు. ఆయన వాళ్ళకి ఎనిమిది తలవెంట్రుకలు ఇచ్చాడని, వాటిని తెచ్చి ఇక్కడి గుట్ట మీద ఉంచి ష్వేడగోన్ కట్టారని మయన్మార్ కథ. వాళ్ళు ఈ దేశం వాళ్ళే అని ఇక్కడివాళ్ళు చెబుతారు. పాళీ గ్రంథాల్లో వాళ్ళ ప్రాంతం పేరు ఉక్కల; అది ఉత్కలం, అంటే మన శ్రీకాకుళానికి పక్కనున్న ఒడిశా అని కొందరు పండితులు అంటారు. ఎవరి వాళ్ళయినా, ఒక విషయం చూడండి. అప్పటికి బుద్ధుడు మొదటి ఉపన్యాసమే ఇవ్వలేదు. సన్యాసుల సంఘం లేదు. తనకు తెలిసింది ఎవరికైనా అర్థమవుతుందా, చెప్పాలా వద్దా అని ఆయన వెనకాడాడని కూడా గ్రంథాల్లో ఉంది. ఏమీ వినకుండానే ఆ ఇద్దరూ ఆయనకు అన్నం పెట్టి మొదటి శిష్యులయ్యారు.

సంచౌంగ్‌లో నాకు కనిపించే బౌద్ధం చాలావరకు ఆ ఇద్దరి బౌద్ధమే. పొద్దున్నే సన్యాసులు భిక్షకు వస్తారు, గులాబీ రంగు బట్టల్లో సన్యాసినులు వస్తారు. మా మెట్లలో ఉండే అఫ్వా, అంటే బామ్మగారు, చెప్పులు విడిచి నిలబడి అన్నం పెడుతుంది. "నాకు ఈ జన్మలో జ్ఞానోదయం అవుతుంది" అని ఆవిడ అనదు. 'కుథో' సంపాదించుకుంటున్నాను అంటుంది. కుథో అంటే పుణ్యం. పాళీలో కుసల, మనకు కుశలం. బర్మీస్ నోట్లో 'స' చాలాసార్లు 'థ' అయిపోతుంది. సాధు అనే మాటను 'థాదు' అని మూడుసార్లు అంటారు. కొంచెం కొంచెం పుణ్యం కూడబెట్టుకుంటే ఏదో ఒక జన్మలో నెయిక్‌బాన్ వస్తుందని, ముందు ముందు రాబోయే మైత్రేయ బుద్ధుడి కాలంలో పుట్టి ఆయన మాట వినాలని ఇక్కడ చాలామంది కోరిక. తొందర లేదు. వైశాఖ పూర్ణిమకు, ఇక్కడి లెక్కలో కసోన్ నెల పున్నమికి, రావి చెట్టు మొదట్లో నీళ్ళు పోసే పండుగ చేస్తారు. ఎండాకాలంలో ఆ చెట్టు వాడిపోకూడదు కదా!

మన నేల మీద కూడా ఈ చెట్టు ఒకప్పుడు చాలా ప్రాంతాల్లో ఉండేది. కృష్ణానది ఒడ్డున అమరావతి స్తూపం పాత శిల్పాల్లో బుద్ధుడు కూర్చున్న చోట బుద్ధుడు ఉండడు. చెట్టు ఉంటుంది, కింద ఖాళీ ఆసనం ఉంటుంది, పాదాల గుర్తులు ఉంటాయి, చుట్టూ దండం పెట్టేవాళ్ళు ఉంటారు. ఎందుకలా చెక్కారు అన్నదానికి పండితులు రకరకాలుగా చెబుతారు. నాకైతే "మంట ఎటు వెళ్ళింది" అన్న ప్రశ్నకు రాతిలో జవాబు చెక్కినట్టు ఉంటుంది. లండన్‌లో ఉన్నవాళ్ళు బ్రిటిష్ మ్యూజియంకి వెళ్తే ఆ రాళ్ళు చూడొచ్చు. చెన్నై వెళ్తే ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. మన ఊరి రాళ్ళు చూడటానికి లండన్ వెళ్ళాలా అని నన్ను అడగకండి, అది వేరే పాఠం. నాగార్జునకొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుడు ఇంకా ముందుకు వెళ్ళి, సంసారానికీ నిర్వాణానికీ తేడా ఏమీ లేదన్నాడు. అది పెద్దవాళ్ళకే కష్టం. కాలేజీకి వెళ్ళాక మళ్ళీ చూడండి.

సరే, మావాడి దగ్గరికి వద్దాం. వాడు అక్కడితో ఆగలేదు. ఆ క్లాస్‌మేట్‌తో, "మీ బుద్ధుడు మా విష్ణుమూర్తి అవతారమే తెలుసా" అన్నాడట. స్నేహం చేద్దామనే అన్నాడు. ఆ అబ్బాయి రెండు రోజులు మాట్లాడలేదు. వీడికి ఎందుకో అర్థం కాలేదు.

దశావతారాల్లో బుద్ధుణ్ణి చెప్పే పట్టికలు ఉన్న మాట నిజమే. కొన్నిట్లో ఆ చోట బలరాముడు ఉంటాడు. కానీ మయన్మార్ బౌద్ధులకు బుద్ధుడు ఎవరి అవతారమూ కాదు. మనిషి. తన కష్టంతో తానే మేలుకున్న మనిషి. "ఆయన దేవుడే, మారువేషంలో వచ్చాడు" అంటే, ఆరేళ్ళ కష్టం, ఆ రాత్రి, నేలను తాకిన చెయ్యి అన్నీ నాటకం అయిపోతాయి కదా? అందుకే ఆ అబ్బాయికి బాధేసింది.

"అన్నీ ఒకటేలే" అని మనవాళ్ళు ప్రేమగానే అంటారు. నేను అనను. తేడా ఎక్కడుందో చెప్తాను. సంచౌంగ్‌లో పాత అపార్ట్‌మెంట్లకు లిఫ్ట్ ఉండదు. పై అంతస్తుల వాళ్ళు బాల్కనీ నుంచి వీధిలోకి తాడు వేలాడదీస్తారు. చివర ఒక క్లిప్పు, పైన ఒక గంట. పేపరు క్లిప్పుకి తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది. కరెంటు పోయిన రాత్రి అలాంటి తాడు ఒకటి తెగి మెట్ల మీద పడి ఉందనుకోండి. మీరు పాము అనుకుని కెవ్వుమంటారు. ఇంతలో వీధంతా "మీ లా బీ!" అని అరుస్తుంది, కరెంటు వచ్చిందోచ్ అని. చూస్తే తాడు. పాము ఎక్కడికి పోయింది? అసలు లేదు. ఇది మన వేదాంతంలో ఆది శంకరాచార్యుల కాలం నుంచీ చెప్పే పోలిక, మెట్లు మాత్రం సంచౌంగ్‌వి. మీ తాతయ్య మోక్షం అన్నప్పుడు చాలాసార్లు ఆయన మనసులో ఉన్నది ఇదే: భయాలు, హడావుడి అంతా పాము లాంటిది, లోపల మారకుండా ఉండే ఆత్మ తాడు లాంటిది, దాన్ని గుర్తుపడితే విడుదల. బౌద్ధులు పాము లేదన్నంతవరకు ఒప్పుకుంటారు. కానీ మారకుండా ఉండే 'నేను' అనే తాడును కూడా వెతికి చూడు, దొరకదు అంటారు. దాన్ని అనాత్మ అంటారు. కొండెక్కిన దీపానికీ, ఎటూ వెళ్ళని మంటకూ ఉన్న తేడా ఇదే. వేల ఏళ్ళుగా గొప్ప గొప్పవాళ్ళు దీని మీద వాదించుకున్నారు. మీరు ఇవాళే తేల్చక్కర్లేదు. మీ ఇంట్లో ఒకటి, స్నేహితుడి ఇంట్లో ఒకటి అని తెలిస్తే చాలు.

తేడా ఉన్నా పక్కింటి దీపం దగ్గర కూర్చోవచ్చు. సత్యనారాయణ గోయెంకా గారి సంగతి వినండి. ఆయన 1924లో మాండలేలో పుట్టారు. భారతీయ కుటుంబం, హిందువులు, వ్యాపారం. అంటే మీలాగే బయట దేశంలో పుట్టిన పిల్లవాడే. ఆయనకు భరించలేని తలనొప్పి ఉండేది. 1955లో యాంగోన్‌లో ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి ధ్యానం నేర్చుకోవడానికి వెళ్ళారు. ఆ గురువు సన్యాసి కాదు, ప్రభుత్వంలో పెద్ద అకౌంట్స్ అధికారి! వీళ్ళ మతంలో కలిపేసుకుంటారేమో అని మొదట గోయెంకా గారు భయపడ్డారు. అలాంటిదేమీ జరగలేదు. ఊపిరిని గమనించు, ఒంట్లో కలిగేది గమనించు, దాని వెంట పరుగెత్తకు అన్నారు, అంతే. 1969లో ఆయన ఆ విపశ్యనా ధ్యానాన్ని భారతదేశానికి తీసుకెళ్ళారు. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ, నాగార్జునసాగర్ దగ్గరా కేంద్రాలున్నాయి, పది రోజులు మాట్లాడకుండా కూర్చోవాలి. ఎప్పుడో మన వైపు నుంచి ఇటు వచ్చిన విద్య ఈ ఊరు నుంచి మళ్ళీ కృష్ణ ఒడ్డుకు చేరిందన్నమాట.

అంబేడ్కర్ గారు కూడా ఈ ఊరు వచ్చారు, 1954 డిసెంబరులో, ప్రపంచ బౌద్ధుల సమావేశానికి. రెండేళ్ళకు, 1956 అక్టోబరు 14న, నాగపూర్‌లో లక్షల మందితో కలిసి బౌద్ధం తీసుకున్నారు. ఆయన మేలుకోమన్నది వేరే నిద్ర నుంచి. ఒక మనిషి ఇంకో మనిషిని పుట్టుకను బట్టి తక్కువగా చూడటం కూడా దుఃఖానికి కారణమేనని, కళ్ళు మూసుకుని కూర్చుంటే అది పోదని ఆయన వాదన. పూర్వజన్మ కర్మ వల్ల పేదవాడుగా పుట్టాడు అనే మాటను ఆయన ఒప్పుకోలేదు. మా అఫ్వా ఇది వింటే తల అడ్డంగా ఊపుతుంది. ఇద్దరూ బౌద్ధులే.

ఇక స్కూల్లో హిస్టరీ క్లాసులో 'ఎన్‌లైట్‌మెంట్' వస్తే కంగారుపడకండి. అది 18వ శతాబ్దపు యూరప్ సంగతి. రాజు చెప్పాడనో, చర్చి చెప్పిందనో కాకుండా సొంత బుద్ధితో ఆలోచించే ధైర్యం చెయ్యాలని కాంట్ అనే తత్వవేత్త 1784లో రాశాడు. తెలుగులో దాన్నీ జ్ఞానోదయ యుగం అనే అంటారు. అక్కడ రావి చెట్టు లేదు.

మరి మావాడి మొదటి ప్రశ్న: మఠంలో వారం ఉన్నవాడికి అయిపోయిందా? ఆ వేడుకను షిన్‌బ్యూ అంటారు. పిల్లవాడికి రాకుమారుడి వేషం వేసి, గొడుగు పట్టి ఊరేగించి తీసుకెళ్తారు, తర్వాత గుండు చేస్తారు. సిద్ధార్థుడు రాజభవనం వదిలినట్టు. మన ఒడుగు లాంటి పెద్ద వేడుక. అది దారి చూపించడమే, ఊరు చేరడం కాదు.

అసలు "మీకు జ్ఞానోదయం అయిందా?" అని ఇక్కడ ఏ సన్యాసినీ అడగకండి. బౌద్ధ సన్యాసులకు ఒక కఠినమైన నియమం ఉంది. రాని స్థితి వచ్చిందని అబద్ధం చెప్పుకున్నవాడు ఇక సన్యాసి కాదు, శాశ్వతంగా బయటికే. నిజంగా వచ్చినా సరే, మామూలు జనం ముందు చెప్పుకోవడం తప్పే. కాబట్టి "నాకు అయిపోయింది, రండి" అని ఎవరైనా బోర్డు పెడితే ఏమనుకోవాలో మీకు తెలుసు.

రెండో ప్రశ్నకు, "నాకెప్పుడవుతుంది?" అన్నదానికి, నా దగ్గర తారీఖు లేదని వాడితో చెప్పాను. వెళ్ళి మీ స్నేహితుణ్ణి అవతారాల గురించి కాకుండా మఠంలో ఏం చేశావు అని అడుగు అన్నాను. అడిగాడు. మధ్యాహ్నం తర్వాత అన్నం పెట్టరట, సాయంత్రం అయ్యేసరికి బాగా ఆకలేసేదట. మూడో రోజు ఊపిరి లెక్కపెడుతుంటే కాసేపు ఆకలి మర్చిపోయాడట. తర్వాత మళ్ళీ వేసిందట.

ఇంటి పని: ఈ వారం మీ అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి "మోక్షం అంటే ఏమిటి?" అని అడగండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే, ఐదారు వాక్యాలు రాయండి. తప్పులు దిద్దకండి. 'బోధ', 'బుద్ధి' కలిసిన మాటలు ఇంట్లో ఎన్ని వినిపించాయో లెక్క పెట్టుకుని రండి. దగ్గర్లో బుద్ధ విగ్రహం ఉంటే చెప్పులు, సాక్సులు విప్పి వెళ్ళి కుడిచెయ్యి ఎక్కడుందో చూసి బొమ్మ గీయండి.